మజ్జిగ వద్దనకండి: సైకిలు మీద దూరం బయల్దేరేవాళ్లకు మొదటి వారం

హైదరాబాదు నుంచి కన్యాకుమారికి సైకిలు మీద బయల్దేరిన రోజు, షాద్‌నగర్ దాటి కాస్త దూరం పోయాక, రోడ్డు పక్క ఇంట్లోంచి ఒకామె స్టీలు గ్లాసులో మజ్జిగ పట్టుకుని వచ్చింది. నేను నీడకని ఆగి బూటు లేసు కట్టుకుంటున్నాను, అంతే. ఏమీ అడగలేదు. "తాగు బిడ్డా, ఎండకు పడి పోతున్నవ్" అంది. "వద్దమ్మా, నా దగ్గర నీళ్లున్నాయి" అన్నాను. "పైసలడగన్లే" అంది. మళ్లీ వద్దన్నాను. ఆమె గ్లాసు పట్టుకుని ఇంకో నిమిషం నిలబడి, తనే తాగేసి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ గ్లాసు నాకు కన్యాకుమారి దాకా గుర్తొస్తూనే ఉంది. గేర్లు, టైర్లు, చక్రానికి రెండు పక్కలా వేలాడే పానియర్ సంచులు, రోజుకు ఎన్ని కిలోమీటర్లు అని నెలల తరబడి లెక్కలేసుకున్నాను గానీ, ఎవరైనా ఏదైనా ఇస్తే ఎలా పుచ్చుకోవాలో ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఆ విద్య అక్కరకొచ్చేది మొదటి వారంలోనే. కాళ్లు ఇంకా గట్టిపడి ఉండవు, సామాను ఎక్కువై ఉంటుంది, ఎక్కడ ఆగాలో తెలియదు, బెరుకు మొహంలోనే కనిపిస్తూ ఉంటుంది. మూడో వారానికి రాటుదేలిపోతారు. అప్పుడు మిమ్మల్ని చూసి ఎవరికీ అంత జాలీ కలగదు.

అందుకని ఇది మొదటి వారం గురించే. నేను పోయింది జాతీయ రహదారి 44 మీద, పాతవాళ్లు 7వ నంబరు రోడ్డనేది: జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి కర్నూలు, ఆపైన డోన్, గుత్తి, అనంతపురం. కన్యాకుమారి దాకా పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. బయల్దేరింది డిసెంబరు మధ్యలో. ఆషాఢ శ్రావణాల్లో అయితే గుత్తి, అనంతపురం వైపు గాలి ఎదురు కొడుతుంది, తొక్కడం కాదు నెట్టడమే. ఒంటరిగా వెళ్లిన ఆడమనిషిని కాబట్టి నేను చెప్పేవాటిలో కొన్ని మగవాళ్లకు వర్తించవు, వాళ్లకు ఇంకా సులువు.

1. ఇల్లు దాటకముందే "ఎందుకు?"కి జవాబు వెతుక్కోండి

ఎక్కడ ఆగినా మూడే ప్రశ్నలు. ఎక్కడి నుంచి? ఎక్కడి దాకా? ఎందుకు? మొదటి రెంటికీ ఊరి పేర్లు చాలు. మూడోదాని దగ్గరే తడబడతాం. "ఊరికే, సరదాకి" అన్నానంటే అవతలివాళ్లకి ఇంక ఏం మాట్లాడాలో తోచేది కాదు. పొద్దుటి నుంచి పత్తి ఏరి వచ్చి కూర్చున్న మనిషికి, సరదా కోసం రోజుకు డెబ్భై కిలోమీటర్లు తొక్కడమేమిటో అర్థం కాదు, కాకపోవడంలో తప్పూ లేదు. ఫిట్‌నెస్ అన్నా అంతే. పర్యావరణం కోసమనో ఆడపిల్లల చదువు కోసమనో అబద్ధం మాత్రం చెప్పకండి. ఎవరో విలేకరికి ఫోను కొడతారు, బడి పిల్లల్ని వరసగా నిలబెడతారు, మీరు ఉపన్యాసం ఇవ్వాలి. ఒక చోట నాకు అంత పనీ అయింది.

రెండో రోజు నుంచి నేను "చిన్నప్పటి నుంచి అనుకున్నానమ్మా, మొక్కులాంటిది" అనడం మొదలుపెట్టాను. మొక్కు అన్నాక ఇంకెవరూ ఎందుకని అడగలేదు. ఈ దారివాళ్లకు ఒళ్లు కష్టపెట్టుకుని దూరం పోయేవాళ్లు కొత్త కాదు. ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలం మల్లన్న దగ్గరికి కర్నూలు మీదుగా, నల్లమల మీదుగా నడిచిపోయే భక్తులకు దారి పొడుగునా ఊళ్లవాళ్లు అన్నం పెట్టి పంపడం ఏటా ఉన్నదే. మనం సంచులు కట్టిన సైకిలు మీద వచ్చిన కొత్తరకం బాటసారులం, అంతే.

నాలుగో ప్రశ్న కూడా ఉంది: "సైకిలెంత?" అంకె చెప్పారా, మాట ఇంక దాని చుట్టూనే తిరుగుతుంది, చుట్టుపక్కల కుర్రాళ్లందరికీ చేరుతుంది. "పాత మోటారు బండి వచ్చేంత" అనేదాన్ని. అబద్ధం కాదు, అంకే లేదు.

ఆడవాళ్లని ఇంకా అడుగుతారు. పెళ్లయిందా, పిల్లలెందరు, మీ ఆయన ఎట్ల పంపిండు. విసుక్కోకండి, అడిగేది చాలావరకు ఆడవాళ్లే, మనసులో వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. "మీరేమిట్లు?" అని కులం అడిగేవాళ్లూ తగులుతారు. "సైకిలోళ్లం" అని నవ్వేసేదాన్ని. చాలామంది నవ్వారు. ఒక చోట పెద్దాయన నవ్వలేదు. నీళ్లు మాత్రం గుమ్మం దిగి వచ్చి, ఎత్తి నా దోసిట్లో పోశాడు. సీసా చేతిలోనే ఉంది, పట్టమనలేదు. నాకు దారిలో దొరికిన ఆదరణ అందరికీ అంతే దొరుకుతుందని నేను చెప్పను, అలాంటి వాకిలి ముందు రాత్రికి చోటు అడగమనీ చెప్పను.

2. సామాను: సాయం చేసేవాళ్ల చెయ్యి ఆడేలా

రెండో రోజు కొత్తకోటకి ఇవతల వెనక చక్రంలో తుమ్మముల్లు దిగింది. ట్యూబు తీసి ప్యాచీ వేసుకోవడం నాకు వచ్చు. వేశాను. గాలి కొడుతుంటే నా చిన్న పంపు పిడి ఊడి చేతికొచ్చింది. అదృష్టం, రెండు ఫర్లాంగుల దూరంలోనే పంక్చరు షాపు. లారీ టైర్లు గుట్టగా పడున్నాయి, కంప్రెషరు గడగడమంటోంది. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. నా ట్యూబుది సన్నమూతి వాల్వు, ప్రెస్టా అంటారు. ఆయన గాలి పైపుది బండ్ల వాల్వు మూతి. పెడితే పక్కల నుంచి గాలంతా బుస్సుమని పోతోంది.

ఆయనకు నలభై ఐదు, యాభై ఏళ్లుంటాయి. "ఏడ కొన్నవక్కా ఈ ట్యూబు?" అని తిట్టినట్టే అన్నాడు గానీ వదల్లేదు. సైకిలు గొంగళి మీద పడుకోబెట్టాడు. రబ్బరు ముక్క చుట్టి చూశాడు, లీకయింది. పెన్ను గొట్టం కోసి తొడిగాడు, ఊడింది. ఇంతలో ఒక లారీ వచ్చి ఆగితే, "పది నిమిషాలాగు" అని దాన్ని ఆపాడు. నా వాల్వు మీదుండే నల్ల ప్లాస్టిక్ మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బ్లేడుతో దాని కొస కోసి, తలకిందులుగా వాల్వుకి బిగించాడు. ఆ మూత లావు భాగం ఇప్పుడు పైకొచ్చింది. పైపు దానికి పట్టింది. గాలెక్కింది.

గంట పట్టింది. తీసుకున్నది గాలికని పది రూపాయలు. ఇంకా ఇవ్వబోతే "ఆ లారీ వాడి దగ్గర తీసుకుంటలే" అన్నాడు, లారీవాడు నవ్వాడు.

తర్వాత తెలిసింది, ఆ పని చెయ్యడానికి వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది. సైకిలు షాపుల్లో చాలా చవక. రెండు కొని, ఒకటి వాల్వుకే బిగించి వదిలెయ్యండి. సాయం చేద్దామనుకునే వాడికి మన వస్తువు లొంగాలి. బయల్దేరే ముందు ఆ ఒక్క కన్నుతో సామానంతా చూసుకోండి: దారిలో పంక్చరు షాపతను, సైకిలు షాపు పిల్లాడు, కిరాణా కొట్టామె దీన్ని చూస్తే ఏమైనా చెయ్యగలరా? అన్నట్టు, లారీలకు గాలి కొట్టే కంప్రెషరుకి మన ట్యూబు ఒక లెక్క కాదు, ఠప్పుమని పగులుతుంది. పైపు ఆయన చేతిలో ఉన్నా టైరు మీద బొటనవేలు మీదే ఉండాలి. కొద్దికొద్దిగా కొట్టమనండి.

మిగిలినవి త్వరగా చెప్తాను. వెడల్పు మూతి సీసా, బిందెలోంచి చెంబుతో పొయ్యడానికి. పది, ఇరవై, యాభై నోట్లు, చార్జింగు అయిపోయిన ఫోనుతో యూపీఐ రాదు. చిన్న నోటుపుస్తకం, పెన్ను, దీని పని చివర్లో వస్తుంది. ఆడవాళ్లయితే పైసంచిలోనే వదులు కుర్తా, చున్నీ. ప్యాడెడ్ షార్టు మీద తొక్కండి, ఊళ్లోకి తిరిగేముందు కుర్తా తగిలించండి. నాకిష్టమై చెప్పట్లేదు, కుర్తాతో వెళ్లిన చోట ఆడవాళ్లు ముందు మాట్లాడారు, లేనిచోట మగవాళ్లు ముందు మాట్లాడారు. నాకు ఆడవాళ్లు మాట్లాడటం కావాలి.

3. మొదట నీళ్లు అడగండి

సైకిలు మీద నీళ్లసీసా నిండుగా ఉన్నా సరే, మొదటి రోజే ఒక ఇంటి ముందాగి నీళ్లు అడగండి. అలవాటు కోసం. సిటీలో పెరిగినవాళ్లకి గొంతు పెగలదు, నాకూ పెగల్లేదు. ఎండాకాలంలో అయితే చలివేంద్రాలుంటాయి, కుండ మీద గ్లాసు బోర్లించి, ఎవరు తాగారని ఎవరూ చూడరు. మిగతా కాలంలో అడిగే తాగాలి.

సైకిలు దిగండి. కళ్లద్దాలు, హెల్మెట్టు తీసి మొహం కనపడనివ్వండి, అవి పెట్టుకుంటే మనం మనుషుల్లా ఉండం. గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే ఆగి "అమ్మా" అని పిలవండి. కుక్క లేస్తే పరుగెత్తకండి, సైకిలు మీకూ దానికీ మధ్యలో పెట్టుకుని నిలబడండి. అది మనల్ని చూసి కాదు, తిరిగే చక్రాన్ని చూసి ఎగబడుతుంది, చాలావరకు ఆగుతుంది. "ఫిల్టరు నీళ్లుంటే కొంచెం పోస్తారా అమ్మా" అనండి. ఈ మాట ఎవరూ తప్పుగా అనుకోరు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఇరవై లీటర్ల డబ్బాలే తాగుతున్నారు. వాళ్లు చెంబిస్తే మూతికి తగలకుండా ఎత్తిపోసుకుని తాగండి. రాకపోతే సీసాలో పోయించుకోండి, మీద పోసుకుంటే పిల్లలు నవ్వుతారు. నవ్వితే మంచిదే.

నీళ్లు ఇచ్చినవాళ్లు కాసేపు మాట్లాడతారు. ఆ కాసేపూ ఉండండి. నీళ్లు పట్టుకుని పెడలు మీద కాలేసి నిలబడితే, పంపు దగ్గర పట్టుకున్నట్టే. దారి ముందు ఎలా ఉంది, బ్రిడ్జి పని ఎక్కడ జరుగుతోంది, ఏ మలుపులో లారీలు రాంగ్‌సైడులో వస్తాయి, ఏ డాబాలో ఆడవాళ్లకు బాత్రూం ఉంది, ఇవన్నీ నాకు ఆ ఐదు నిమిషాల్లో తెలిసినవే. ఎవరూ లేని చోట టోల్‌గేటు దగ్గర ఆగండి, మరుగుదొడ్డి, తాగేనీళ్లు ఉంటాయి, సైకిలుకి టోలు లేదు. దెబ్బ తగిలినా, ఎవరినైనా లారీ కొట్టడం చూసినా హైవే సాయం నంబరు 1033. అంబులెన్సు 108, పోలీసు 112. ఇవి ఫోనులోనే కాదు, నోటుపుస్తకం మొదటి పేజీలో కూడా రాసుకోండి.

4. తిండి: ఒక్కసారే వద్దనండి

మన ఇళ్లలో మొదటి "వద్దండి"ని ఎవరూ నమ్మరు, అది మర్యాద కింద జమ. రెండోదానికి ఇంకాస్త బలవంతపెడతారు. మూడోసారి కూడా వద్దంటే నిజంగానే నొచ్చుకుంటారు. మజ్జిగామె దగ్గర నేను రెండుసార్లు వద్దన్నాను, మూడోసారి ఆమె అడగనే లేదు. కాబట్టి తినే ఉద్దేశం ఉంటే ఒకసారి వద్దని రెండోసారికి కూర్చోండి. నిజంగా వద్దనుకుంటే కారణం చెప్పండి: ఇప్పుడే తిన్నాను, కడుపు బాగా లేదు, ఇవాళ ఒక్కపొద్దు. కారణం ఉంటే వదిలేస్తారు. ఒక్కపొద్దు అని చెప్పి పక్క ఊళ్లో మిర్చి బజ్జీ తింటూ దొరికిపోవద్దు, వాళ్ల బావమరిదిదే ఆ బండి అయ్యుంటుంది.

మూడో రోజు మధ్యాహ్నం, అలంపూర్ చౌరస్తా దాటాక, రోడ్డు పక్క పందిరి, మైకులో శరణుఘోష. అయ్యప్ప దీక్షల కాలం కదా. నేను నల్ల టీషర్టు, నల్ల ప్యాంటు. దూరం నుంచి చూసి ఒక స్వామి చెయ్యెత్తి ఆపాడు, దగ్గరికొచ్చాక ఆడమనిషినని తెలిసి ఒక్క క్షణం తెల్లబోయాడు.

"మాతా, ఎక్కడిదాకా?"

చెప్పాను. నాకు మాల లేదని, దీక్ష కాదని కూడా ముందే చెప్పేశాను.

"మాల లేకపోతే ఆకలి కూడా లేదా మాతా? భిక్ష చేసి పోండి."

అరిటాకు వేశారు. పప్పు, గుమ్మడికాయ కూర, సాంబారు, పాయసం, అప్పడం. నేను అప్పటిదాకా రోజుకో డజను అరటిపళ్లు, గ్లూకోజు బిస్కెట్ల మీద తొక్కుతున్నాను. రెండోసారి అన్నం వడ్డిస్తుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. "మాత ఇంకా చాలా దూరం పోవాలి, పెట్టు పెట్టు" అని వెనక నుంచి ఇంకో గొంతు. పెట్టాడు. తిన్నాను. ఆ పూట ఇంక పది కిలోమీటర్లు కూడా తొక్కలేకపోయాను, అది వేరే సంగతి. మధ్యాహ్నం ఎవరైనా పెడితే సగం కడుపుకే లేవండి, మజ్జిగన్నం దగ్గర ఆగిపోండి. నెలసరి రోజుల్లో దీక్ష పందిళ్ల దగ్గర పట్టింపు ఉంటుంది. ఆ పట్టింపు నాకు నచ్చదు. కానీ వాళ్ల పందిట్లో కూర్చుని వాళ్లతో వాదించడం, అబద్ధమాడి కూర్చోవడం రెండూ నాకు చేతకావు, అలాంటి రోజున దండం పెట్టి ముందుకు పోతాను.

ఇంటివాళ్లు పెట్టేది వాళ్లు తినేదే అయితే మహాభాగ్యం. పాలమూరులో జొన్నరొట్టె, కర్నూలు దాటాక పొద్దున ఉగ్గాని బజ్జి, అటుపైన రాగిసంగటి. మీకోసమని ప్రత్యేకంగా కోడి కొయ్యబోతే గట్టిగా ఆపండి. అది వాళ్లకు ఖర్చు, మీకు ఆలస్యం.

5. రాత్రికి చోటు

ఇదే అసలు కష్టం, కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

డిసెంబరులో ఇటువైపు ఐదూ ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. నాలుగింటికి తొక్కడం ఆపండి, ఇంకో పాతిక కిలోమీటర్ల ఓపిక ఉన్నా సరే. వెలుగుండగా వచ్చి అడిగిన మనిషి బాటసారి, చీకటి పడ్డాక వచ్చి తలుపు కొట్టిన మనిషి ఎవరో తెలియదు. మొదటి వారంలో రోజుకు అరవై, డెబ్భై చాలు. పొద్దున్నే బయల్దేరితే నాలుగులోపు అవుతుంది.

కర్నూలు, అనంతపురం లాంటి ఊళ్లలో లాడ్జీలున్నాయి, తీసుకోండి. అందులో ఓడిపోవడం ఏమీ లేదు. దూరం తొక్కేవాళ్లకి ఒకరింట్లో ఒకరు ఆతిథ్యం ఇచ్చుకునే వార్మ్‌షవర్స్ అని ఒక వెబ్‌సైటుంది, పెద్ద నగరాల్లో అక్కడక్కడా పలుకుతారు. మధ్య ఊళ్లలో మాత్రం నోరే ఆధారం.

"మీ ఇంట్లో పడుకోవచ్చా?" అని ఎవర్నీ అడక్కండి. అది వాళ్లని ఇరుకున పెట్టడం. కాదంటే పాపం, అవునంటే భయం. కిరాణా కొట్టు దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, బోరింగు దగ్గర, నలుగురు ఆడవాళ్లు ఉన్నచోట సైకిలు ఆపి ఇలా అడగండి: "అమ్మా, ఈ ఊళ్లో రాత్రికి ఆడమనిషి భయం లేకుండా పడుకోడానికి ఏదైనా చోటుందా? బడి వరండా, గుడి మండపం ఏదైనా పర్లేదు. దుప్పటి నా దగ్గరుంది." దాని తర్వాత మీరు నోరు మూసుకోండి, వాళ్లు మాట్లాడుకుంటారు.

వెల్దుర్తి దాటాక హైవే దిగి లోపలికి వెళ్లిన ఊళ్లో జరిగింది చెప్తాను. బియ్యం చెరుగుతున్న ఒకామె చేట దించకుండానే అడిగింది.

"యాడ్నుంచి వస్తాండావు పాపా?"

"హైదరాబాదు నుంచమ్మా."

"ఒగదానివేనా?"

"ఒక్కదాన్నే."

చేట దిగింది. ఇంకో ఇద్దరు వచ్చారు. బడి వరండా అని ఒకామె అంది. అక్కడ రాత్రి పూట మొగోళ్లు తాగుతారని ఇంకొకామె. గుడి అంటే, పూజారి తాళం వేసుకుని పోతాడు. నేను అక్కడ లేనట్టే మాట్లాడుకుంటున్నారు. చివరికి చేట ఆమె నావైపు చూడకుండానే, "మా ఇంట్లో మా కోడలి కాడ పండుకుంటాదిలే" అని తేల్చేసి, నాతో "బువ్వ తిన్యావా?" అంది.

ఇంటికి పోయాక ఆమె చేసిన మొదటి పని నా ఫోను అడగడం. "మీ అమ్మకు కలుపు." కలిపాను. "అమ్మా, మీ పాప మా కాడ ఉండాది. మీరు దిగులు పడొద్దండి, పండుకోండి." ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. బయల్దేరిన రోజు నుంచి నాతో ముభావంగా ఉన్న మా అమ్మ ఆ రాత్రి ఫోనులో నవ్వింది. మీరూ ఆతిథ్యం ఇచ్చినవాళ్లను ఇంట్లోవాళ్లతో మాట్లాడించండి. రెండు వైపులా భయం తీరుతుంది. వాళ్లకీ మన గురించి భయం ఉంటుందని మనకు తట్టదు. ముక్కూమొహం తెలియని మనిషిని కోడలి పక్కన పడుకోబెట్టుకుంటున్నారు. ఆధారు కార్డు అడక్కముందే చూపించండి. ఫోనులో లొకేషను ఇంటికి పంపండి, పంపుతున్నానని వాళ్లకి చెప్పే పంపండి.

కాదనాల్సిన సాయాలూ ఉంటాయి. నేను పెట్టుకున్న గుర్తులు ఇవి. తొందరపెట్టేవాడు. ఉన్నచోటు నుంచి ఇంకో చోటికి రమ్మనేవాడు. ఇంట్లో ఆడవాళ్లున్నారని చెప్తాడు గానీ పిలిచి మాట్లాడించనివాడు. "ఎవరికీ చెప్పకు" అన్నవాడు. చివరిది విన్నప్పుడు ఆలోచించడం కూడా అనవసరం, సైకిలెక్కి వెలుగున్న వైపు పోండి, పెట్రోలు బంకో పోలీసు స్టేషనో వచ్చేదాకా ఆగకండి. గుత్తి దగ్గర ఒకసారి అలా పోయాను. బంకులో రాత్రి డ్యూటీ కుర్రాడు ఆఫీసు గది తాళం తీసిచ్చి, తను బయట కుర్చీలో పడుకున్నాడు. ఒకేరోజు ఒకే రోడ్డు మీద రెండూ చూశాను.

6. లిఫ్టులు, తోడు, సెల్ఫీలు

ఎత్తెక్కుతుంటే ట్రాక్టరువాళ్లు ట్రాలీ పట్టుకోమంటారు. మంచి మనసుతోనే అంటారు, పట్టుకోకండి, గుంతలో పడితే చక్రం కిందికే పోతారు. లారీలో ఎక్కించుకుంటామంటే "మొక్కు పోతుందన్నా" అనండి, ఈ మాట మళ్లీ పనికొచ్చింది చూశారా. జబ్బు చేసినా, సైకిలు విరిగినా మొహమాటం లేకుండా ఎక్కండి. బైకుల మీద పక్కనే తోడొచ్చే కుర్రాళ్లను ఒక టీ దగ్గర ఆపి, మాట్లాడి, ఫొటో దిగి, అక్కడే వీడ్కోలు చెప్పండి. కదులుతూ మాట్లాడితే ముగ్గురికీ ప్రమాదం.

7. డబ్బు

1962లో సతీశ్ కుమార్, ఇ.పి. మేనన్ అణ్వాయుధాలు వద్దంటూ మన దేశం నుంచి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్‌లకు శాంతియాత్ర బయల్దేరినప్పుడు, చేతిలో పైసా లేకుండా వెళ్లండని వినోబా భావే చెప్పారు. డబ్బుంటే హోటలుకి పోతారు, లేకపోతే మనిషి దగ్గరికి పోతారని ఆయన లెక్క. వినోబా అలాంటి మాట చెప్పగలరు. 1951లో మన పోచంపల్లి నుంచి భూదానం మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఊరూరా నడిచిన మనిషి. అది చదివి డబ్బు లేకుండా బయల్దేరతామనే కుర్రాళ్లు ఈ మధ్య కనపడుతున్నారు. నాకు నచ్చదు. బ్యాంకులో డబ్బు పెట్టుకుని, వేరుశెనగ ఎండిపోయిన ఊళ్లో ఊరికే తిని, దాన్ని వీడియో తీయడం ఏ లెక్కన యాత్రో తెలియదు. డబ్బు ఉంచుకోండి. కొట్లో కొనండి, డాబాలో తినండి, లాడ్జీకి కట్టండి. వాళ్లంతట వాళ్లు పెట్టినప్పుడు పుచ్చుకోండి.

ఇంట్లో తిన్న అన్నానికి డబ్బు ఇవ్వకండి. టీ కొట్టతను వద్దంటే ఒకసారి బతిమాలండి, అప్పటికీ వద్దంటే బిస్కెట్ పాకెట్లు రెండు కొనుక్కోండి. పిల్లల చేతిలో నోటు పెట్టడం మన చుట్టరికాల్లో ఉన్నదే గానీ, ముక్కూమొహం తెలియని మనిషి ఇస్తే దానం అవుతుంది. నేను ఒకసారి ఇచ్చి, ఆ నానమ్మ మొహం చూసి, ఇంకెప్పుడూ ఇవ్వలేదు. పని చెయ్యండి. కూరలు తరగండి, పిల్లాడి ఎక్కాలు అప్పజెప్పించుకోండి, వాళ్ల ఇంట్లో మూలన పడున్న సైకిలు చైనుకి నూనె వెయ్యండి. వెల్దుర్తి అవతలి ఇంట్లో కోడలి స్కూటీ స్టాండు స్ప్రింగు బిగించాను, అంతకంటే గొప్పగా ఏమీ చెయ్యలేదు. పాలు పిండటానికి కూర్చున్నాను గానీ గేదె ఒప్పుకోలేదు.

8. నోటుపుస్తకం

ఇంట్లో ఉన్నా, నీళ్లిచ్చినా, పంక్చరు వేసినా, వెళ్లేముందు పేరు, ఊరు, ఫోను నంబరు వాళ్ల చేతే రాయించుకోండి. రాయడం రానివాళ్లు పిల్లల్ని పిలుస్తారు. మరీ పెద్దవాళ్లకి వాట్సాప్ ఉండదు, పోస్టు చిరునామా తీసుకోండి. ఫొటోలు ఫోనులో చూపిస్తే సరిపోదు. ఏదైనా ఊళ్లో ఫొటో స్టూడియోలో కాగితం మీద తీయించి పంపండి. నేను మదురైలో ఒకరోజు ఆగి పద్నాలుగు ఫొటోలు కడిగించి పోస్టు చేశాను. పంక్చరు షాపాయనది లారీ టైర్ల ముందు, కోసిన ప్లాస్టిక్ మూత చూపుడువేలి మీద పెట్టుకుని నిలబడ్డ ఫొటో. మజ్జిగామె ఫొటో లేదు, పేరూ తెలియదు.

చేరాక చెప్పడం మాత్రం మర్చిపోవద్దు. దారిలో అందరూ ఒకటే అడిగారు, "పోయినాక ఫోన్ చెయ్యి". సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా కన్యాకుమారిలో దిగాను. సైకిలు గోడకానించి, పొద్దు గూకేలోపు నోటుపుస్తకం తీసి వరసగా కలపడం మొదలుపెట్టాను. కొందరు ఎత్తలేదు, ఒకరికి నేనెవరో గుర్తు రాలేదు, సైకిలు అన్నాక గుర్తొచ్చింది. వెల్దుర్తి అవతలి ఆమె రెండో రింగుకే ఎత్తింది.

"అమ్మా, నేను, చేరినాను" అన్నాను.

"తెల్సులే. మీ అమ్మ ఇప్పుడే చెప్పె. దినామూ మాట్లాడుకుంటాండాము కదా మేము" అంది. "ముందు పోయి బువ్వ తిను."